హెబ్రీ భాష బోధించేవారికి పీజీ స్థాయి శిక్షణ ఎక్కడ దొరుకుతుంది?

ప్రభాకర్_నెల్లూరు
కోస్తా జిల్లాల్లోని ఒక వేదాంత కళాశాలలో హెబ్రీ భాష బోధిస్తున్నాను. వేదాంతంలో డిగ్రీ అయిన బి.డి. తర్వాత పాత నిబంధన ప్రధానాంశంగా ఎం.టీహెచ్. అనే పీజీ చేశాను. చదువుకున్నన్నాళ్లూ ధాతువులు విడదీయడం, క్రియారూపాలు గుర్తుపట్టడం, నిఘంటువు తిరగేయడం బాగానే నేర్పారు గాని, ఈ భాషను ఇంకొకరికి ఎలా నేర్పాలో ఒక్క పీరియడ్‌లోనైనా చెప్పినవారు లేరు. పట్టా చేతికి రాగానే తరగతిలో నిలబెట్టారు. మా గురువులు నాకు ఎలా చెప్పారో నేనూ అలాగే చెబుతూ వస్తున్నాను.

మా విద్యార్థులు ఆదికాండము మొదటి వచనంలోని ‘బెరేషీత్ బారా ఎలోహీమ్’ అన్న మూడు మాటలకూ వ్యాకరణం అప్పజెబుతారు. ‘బారా’ భూతకాలమని, ప్రథమ పురుష పుంలింగ ఏకవచనమని తడుముకోకుండా చెబుతారు. అదే ధాతువు ఇంకో రూపంలో మరో వచనంలో కనబడితే ఆగిపోతారు. అచ్చుల గుర్తులు లేని చిన్న వాక్యం పలక మీద రాస్తే కూడబలుక్కోవడం కూడా కష్టమవుతుంది. వేసవి సెలవులు గడిచేసరికి నేర్చుకున్నదాంట్లో సగం పోతుంది. వాళ్లలో చాలామంది పల్లెటూళ్ల నుంచి వచ్చి, పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి, ఇప్పుడు ఇంగ్లీషులో రాసిన హెబ్రీ వ్యాకరణంతో కుస్తీ పడుతున్నవాళ్లు. వాళ్ల శ్రద్ధకు వంక పెట్టలేను.

అందుకే హెబ్రీ బోధనలోనే పీజీ స్థాయి శిక్షణ కోసం వెతుకుతున్నాను. మన దేశంలో అలాంటిది ఉందా? ఇజ్రాయెల్‌లోనో అమెరికాలోనో అయితే బయటివాళ్లకు ప్రవేశం దొరుకుతుందా? ఆధునిక హెబ్రీ తప్పనిసరిగా రావాలా, బైబిలు హెబ్రీ చాలునా? తెలిసినవారు వివరంగా రాయగలరు.

హైఫా_లలిత
మావారు ఇక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయమైన టెక్నియన్‌లో పోస్ట్‌డాక్ చేస్తున్నారు. నేను తెలుగు ఎం.ఏ., బి.ఎడ్. చేసి కొన్నాళ్లు హైస్కూలులో పనిచేసి వచ్చినదాన్ని కాబట్టి ఇక్కడి ఉపాధ్యాయ శిక్షణ గురించి ఆసక్తితో అడిగి తెలుసుకున్నాను. చూసినంత మేరకు చెబుతాను.

ఇజ్రాయెల్‌లో ‘హీబ్రూ టీచరు’ అంటే మూడు వేర్వేరు ఉద్యోగాలు. మొదటిది, హీబ్రూ ఇంటిభాషగా ఉన్న పిల్లలకు బడిలో వ్యాకరణమూ రచనా చెప్పడం. అది మన బడిలో తెలుగు వాచకం చెప్పడం లాంటిది. రెండోది, ఇతర దేశాల నుంచి వలస వచ్చిన పెద్దవాళ్లకు ‘ఉల్పాన్’ అనే ముమ్మర తరగతుల్లో మొదటి అక్షరం నుంచి నేర్పడం. మూడోది, అరబిక్ మాతృభాషగా ఉన్న పిల్లలకు రెండో భాషగా చెప్పడం. అరబ్ బడుల్లో మూడో తరగతి నుంచి హీబ్రూ తప్పనిసరి పాఠ్యాంశం కాబట్టి ఈ మూడో రకం ఉపాధ్యాయుల అవసరం చాలా ఎక్కువ. వారిలో అత్యధికులు అరబ్బులే, అంటే తమకు మాతృభాష కాని భాషను చెబుతున్నవాళ్లు.

ప్రభాకర్ గారికి పనికొచ్చేవి రెండోదీ మూడోదీ. మొదటి రకం శిక్షణలో చేరితే మళ్లీ వ్యాకరణమే చదువుకుంటారు.

ఇక్కడ డిగ్రీ ఉన్నవారికి ఎం.టీచ్. అని రెండేళ్ల కోర్సు ఉంది. మాస్టర్స్ పట్టా, బోధనా ధ్రువపత్రం రెండూ అందులోనే వస్తాయి. చదువుతున్నంత కాలం వారంలో కొంత సమయం నిజమైన బడిలో, అనుభవజ్ఞురాలైన టీచరు పర్యవేక్షణలో గడపాలి. అయితే ఈ కళాశాలల్లో బోధన అంతా హీబ్రూలోనే సాగుతుంది. బైబిలు హీబ్రూ ఒక్కటే వస్తే ఉపన్యాసం సగం కూడా అందదు.

సువార్తరాజు
నాది భిన్నాభిప్రాయం. మన కళాశాలల్లో హెబ్రీ నేర్పేది పాత నిబంధన గ్రంథాన్ని మూలంలో చదవడానికి. మాట్లాడే అవసరం ఎవరికీ లేదు. అందుకు వ్యాకరణం, శబ్దకోశం, ఓపిక ఉంటే చాలు. మా తరం అలాగే నేర్చుకుని ఇప్పటికీ యెషయా గ్రంథాన్ని మూలంలో చదువుతోంది. బోధనా శిక్షణ పేరుతో వేరే దేశానికి పోయి రెండేళ్లు గడిపే బదులు ఆ సమయంలో గ్రంథమే ఇంకా లోతుగా చదవడం మేలు.

భాషాశాస్త్రం_గచ్చిబౌలి
సువార్తరాజు గారూ, చదవడమే లక్ష్యమైనా ప్రభాకర్ గారి ఇబ్బంది తీరదు. చదవడమంటే మాట కంటపడగానే అర్థం తోచాలి. ప్రతి మాటకూ ఆగి, ముందున్న అక్షరం ఉపసర్గా, ధాతువులో భాగమా అని లెక్క వేసుకునేవారు వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరచిపోతారు. రెండో భాష అధ్యయనంలో ఇది బాగా పరిశీలించిన విషయం. నియమం తెలియడం, నియమం అప్రయత్నంగా వాడగలగడం వేర్వేరు సామర్థ్యాలు, ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది దానంతటది రాదు. ఆ రెండో సామర్థ్యాన్ని విద్యార్థిలో పెంచడమెలాగో నేర్పేదే బోధనా శిక్షణ.

మీ తరంలో యెషయాను మూలంలో చదవగలిగినవారు మీతోపాటు చేరినవారిలో ఎందరు? మానేసినవారి సంగతి కూడా చూడాలి కదా.

మన దేశం విషయానికొస్తే, మన బి.ఎడ్.లో తెలుగు, హిందీ, ఉర్దూ, ఇంగ్లీషు, సంస్కృతం వంటి భాషలకు మెథడాలజీ పేపర్లున్నాయి గాని హీబ్రూకు లేదు. కాకపోతే హైదరాబాదు తార్నాకలోని ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) 1958 నుంచి, అంటే సీఐఈ (కేంద్రీయ ఇంగ్లీషు సంస్థ)గా మొదలైన నాటి నుంచి, ఇంగ్లీషు ఉపాధ్యాయులకు పీజీ స్థాయి శిక్షణ ఇస్తోంది. పాఠ్యప్రణాళిక రచన, పరీక్షాపత్రం తయారీ, తరగతి పరిశీలన, దోష విశ్లేషణ వంటివి ఏ భాషకైనా అన్వయించుకోదగినవి. అది ఇంగ్లీషు బోధన కోసం పెట్టిన కోర్సు కాబట్టి అర్హత నిబంధనలు ముందే చూసుకోవాలి. మీరు పనిచేసే కళాశాల ఒప్పుకుంటే ఆ పద్ధతులను హీబ్రూ తరగతిలోనే ప్రయోగించి ప్రాజెక్టుగా రాయవచ్చు.

ప్రభాకర్_నెల్లూరు
లలిత గారూ, మూడు రకాలని విడమరచి చెప్పడం ఎంతో ఉపకరించింది. నేను ఇంతవరకు మొదటి రకం కోర్సులనే చూస్తున్నాను. సువార్తరాజు గారి మాటను కాదనలేను గాని, మా తరగతిలో మొదటి నెల తర్వాత వెనుక బెంచీలు ఖాళీ అవుతుంటే చూస్తూ ఉండలేకపోతున్నాను.

బోస్టన్_వాణి
నేను ఇక్కడ ఒక యూదుల బడిలో ప్రాథమిక తరగతులకు సైన్సు చెబుతాను. పూటలో సగం ఇంగ్లీషు, సగం హీబ్రూ. పక్క గదిలోనే ఆ తరగతులు జరుగుతాయి కాబట్టి కొన్ని సంగతులు కళ్లారా చూశాను.

మా దగ్గర హీబ్రూ చెప్పేవారిలో చాలామంది ఇజ్రాయెల్‌లో పుట్టి పెరిగినవాళ్లు. భాష వాళ్ల నోట ప్రవహిస్తుంది. కాని పిల్లవాడు “మూడు ఆపిళ్లకు ‘ష్లోషా’ అని, మూడు అరటిపళ్లకు ‘షాలోష్’ అని ఎందుకంటున్నారు?” అని అడిగితే చాలామంది ఇచ్చే జవాబు “అలాగే అంటారు” అన్నదే. హీబ్రూలో ఆపిలు పుంలింగం, అరటిపండు స్త్రీలింగం. సంఖ్యావాచకం లింగాన్ని బట్టి మారుతుంది, అదీ చూపుకు తిరగేసినట్టుగా. పుంలింగ సంఖ్యకు చివర స్త్రీలింగంలా ధ్వనించే ‘ఆ’ ఉంటుంది.

హీబ్రూ బోధనలో ఎం.ఏ. చేసిన ఒక సహోద్యోగిని ఇదే పాఠం చెప్పిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. బల్ల మీద ఆపిళ్లు ఒక పక్క, అరటిపళ్లు ఒక పక్క పెట్టారు. ఒక పిల్లవాడు దుకాణదారు, మిగతావాళ్లు కొనుగోలుదార్లు. “ష్లోషా తపుహీమ్”, “షాలోష్ బనానోత్” అని అడిగిన మాట సరిగా ఉంటేనే పళ్లు చేతికి వస్తాయి. నియమం ఆమె చెప్పలేదు. బేరం సాగుతూ సాగుతూ ఉండగా ఒక పాప తానే “రెండూ వేరేగా వినిపిస్తున్నాయి” అంది. అప్పుడు మాత్రమే ఆమె పలక వైపు తిరిగి రెండు వరుసలు రాశారు. ఆ తరగతిలో మాట్లాడింది ఎక్కువగా పిల్లలే.

ఆమె చదివింది వెర్మాంట్ రాష్ట్రంలోని మిడిల్‌బరీ కళాశాలలో. అక్కడి వేసవి భాషా పాఠశాలలు 1915లో జర్మన్‌తో మొదలయ్యాయి. హీబ్రూ పాఠశాల 2008లో చేరింది, బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన వర్దిత్ రింగ్‌వాల్డ్ దాని మొదటి సారథి. హీబ్రూను రెండో భాషగా బోధించడంలో ఎం.ఏ. అక్కడ ఉంది. ఉద్యోగం మానకుండా వేసవుల్లో అక్కడికి వెళ్లి చదివి, మిగతా నెలల్లో ఆన్‌లైన్ పాఠాలు పూర్తిచేసే ఏర్పాటు అది. అక్కడ ఉన్నంత కాలం నేర్చుకునే భాష తప్ప మరో భాష మాట్లాడనని సంతకం చేసి ప్రతిజ్ఞ చేయాలి. భోజనాల దగ్గర, నడకలో, ఒంట్లో బాగోకపోతే చెప్పుకోవడానికి కూడా హీబ్రూయే. హీబ్రూ మీద గట్టి పట్టున్నవారినే ఆ ఎం.ఏ.లో చేర్చుకుంటారు. ఫీజు, ప్రవేశ వివరాలు వారినే నేరుగా అడగండి.

పెతాహ్‌తిక్వా_సునీత
నేను టీచరును కాను. ఇక్కడ ఒక పెద్దాయనను చూసుకునే కేర్‌గివర్‌గా పనిచేస్తున్నాను. మా తూర్పు గోదావరి నుంచి చాలామంది ఈ పనికే వచ్చాము. ఒక్క విషయం చెప్పాలనిపించింది.

నేను ఏ తరగతికీ వెళ్లలేదు. తాతగారి నోట వినే నేర్చుకున్నాను. ఆయన “అనీ రోత్సే” అంటే, ‘నాకు కావాలి’ అన్నమాట, నేనూ అంతటా అలాగే అనేదాన్ని. చాలా కాలం తర్వాత ఆయన కూతురు నెమ్మదిగా చెప్పింది, ఆడవాళ్లు “అనీ రోత్సా” అనాలని, నేను అంతదాకా మగవాళ్లు మాట్లాడినట్టు మాట్లాడుతున్నానని. ఇక్కడ మన కేర్‌గివర్ స్త్రీలలో మగవాళ్లను చూసుకునే చాలామంది ఇలాగే మాట్లాడుతుంటారు. తెలుగులో ‘నేను’ అన్నప్పుడు ఆడా మగా తేడా లేదు కాబట్టి ఆ తేడా ఉంటుందన్న ఊహే మాకు రాదు. తెలుగు తెలిసిన హీబ్రూ టీచరు ఒక్కరు ఉంటే మొదటి రోజే ఈ మాట చెప్పి ఉండేవారు. ప్రభాకర్ గారిలాంటివారు శిక్షణ పొందితే వేదాంత కళాశాల విద్యార్థులకే గాక మాలాంటివారికీ ఉపయోగం. ఇక్కడికి వచ్చే ముందు ఊళ్లోనే నేర్పగలిగితే ఎంత బాగుండు.

భాషాశాస్త్రం_గచ్చిబౌలి
సునీత గారు రాసింది బోధనా శిక్షణలో ఒక అధ్యాయానికి సరిపడే విషయం. నేర్చుకునేవారి ఇంటిభాష ఎక్కడ తోడ్పడుతుందో ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో ముందే తెలిసి ఉండటం ఉపాధ్యాయుడి పనిలో పెద్ద భాగం.

ఇంగ్లీషు వాళ్ల కోసం రాసిన హీబ్రూ వాచకాలలో వర్తమానంలో ‘ఈజ్’ లేదన్న సంగతిని నచ్చజెప్పడానికి చాలా శ్రమ పడతారు. ‘హూ రోఫే’ అంటే ‘అతను డాక్టరు’. తెలుగువాడికి అందులో కొత్తదనమే లేదు, మనమూ క్రియ లేకుండానే అంటాం. వాణి గారు చెప్పిన సంఖ్యల లింగభేదమూ అంతే. ‘మూడు పళ్లు, ముగ్గురు పిల్లలు’ అని లెక్కించే వస్తువును బట్టి సంఖ్యను మార్చే అలవాటు మనకు పుట్టుకతో ఉంది. హీబ్రూలో విభజన రేఖ వేరుగా, లింగాన్ని బట్టి ఉంటుందని చెబితే చాలు. ఇంగ్లీషు ‘ద’ లాంటి ‘హా’ అనే నిశ్చయ ఉపపదం మాత్రం మనకు పూర్తిగా కొత్త, అక్కడ మన విద్యార్థులు ఇంగ్లీషు వాళ్లకంటే ఎక్కువ తడబడతారు. ఉత్తమ పురుష వర్తమానంలో లింగం ఎలాగూ సునీత గారు చెప్పారు. ఇంగ్లీషు పుస్తకాన్ని అదే వరుసలో చెప్పుకుంటూ పోతే తేలికైన చోట నెల రోజులు గడిపి, కష్టమైన చోట ఒక్క పూటలో దాటేస్తాం.

సువార్తరాజు
ఇవన్నీ ఆధునిక హెబ్రీ ఉదాహరణలే. ఆదికాండములో ‘వయ్యోమెర్’ అని వస్తుంది, ‘మరియు అతడు చెప్పెను’ అని. ‘మరియు’ అనే అర్థమిచ్చే వావ్ అక్షరం ముందు చేర్చి, భవిష్యత్తులా కనిపించే రూపంతో భూతకాలం చెప్పే ఈ తీరు నేటి వీధి హెబ్రీలో లేదు. అలాంటప్పుడు అరటిపళ్ల బేరంతో నేర్చుకున్నవాడికి సమూయేలు గ్రంథం ఎలా అందుతుంది? రెంటినీ కలిపితే విద్యార్థి గందరగోళపడతాడు. మా కళాశాలలో హెబ్రీకి కేటాయించే పీరియడ్లే తక్కువ, వాటిలో ఆటలకు చోటేది?

హైఫా_లలిత
‘వయ్యోమెర్’ గురించి మీరు చెప్పింది నిజమే. అయినా బైబిలు హీబ్రూను కూడా మాట్లాడే భాషలా నేర్పేవారు ఉన్నారు. జెరూసలేంలో పోలిస్ అనే సంస్థ 2011 నుంచి నడుస్తోంది. ప్రాచీన గ్రీకు, లాటిన్‌లతో పాటు బైబిలు హీబ్రూను కూడా తరగతిలో ఆ భాషలోనే నేర్పుతుంది. ఉపాధ్యాయుడు లేచి “నేను తలుపు దగ్గరికి వెళ్తున్నాను” అంటూ వెళ్తాడు, విద్యార్థి ఏం చేశాడో ఇంకొకరు చెబుతారు. అలా చెప్పేటప్పుడు వరుసగా జరిగిన పనులకు ‘వయ్యోమెర్’, ‘వయ్యేలెఖ్’ వంటి రూపాలే వాడిస్తారు. కథ చెప్పడానికి పుట్టిన రూపాన్ని కథ చెప్పించి నేర్పుతారన్నమాట. వీధి హీబ్రూతో కలపవలసిన పనే లేదు.

చరిత్ర_పుటలు
బోధనా శిక్షణ లేకుండా హీబ్రూ ఈనాటి స్థితికి వచ్చేదే కాదని గుర్తుచేయాలి. హీబ్రూను మళ్లీ మాట్లాడే భాషగా చేయాలని పూనుకున్న ఎలియేజర్ బెన్ యెహుదా 1881లో పాలస్తీనాకు వచ్చాక, జెరూసలేంలోని అలయాన్స్ బడి ప్రధానోపాధ్యాయుడు నిస్సీమ్ బెహార్ ఆయనను పిలిచి హీబ్రూను హీబ్రూలోనే బోధించే పనిలో పెట్టాడు. అనారోగ్యం వల్ల ఆయన ఎక్కువ కాలం చెప్పలేకపోయినా పద్ధతి నిలిచింది. ‘ఇవ్రీత్ బెఇవ్రీత్’, అంటే ‘హీబ్రూలో హీబ్రూ’, అనే పేరు దానికే. 1886లో రిషోన్ లెజియోన్‌లో హీబ్రూ మాధ్యమంలో బడి నడిచింది. ఆనాటి ఉపాధ్యాయులకు చిన్ననాటి నుంచి ఇంట్లో మాట్లాడిన భాష హీబ్రూ కాదు. యిడ్డిష్, రష్యన్, లాదినో మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చి, ఎవరికీ మాతృభాష కాని భాషలో పిల్లలకు లెక్కలు, భూగోళం చెప్పారు. పాఠ్యపుస్తకాలు, సాంకేతిక పదాలు వాళ్లే తయారుచేసుకున్నారు.

1903లో జిక్రోన్ యాకోవ్‌లో ఉపాధ్యాయులంతా సమావేశమై తమ సంఘం పెట్టుకున్నారు. ఉచ్చారణ ఎలా ఉండాలి, ఏ పద్ధతిలో చెప్పాలి అన్నవే అక్కడి చర్చలు. 1913లో హైఫాలో కడుతున్న సాంకేతిక విద్యాసంస్థలో జర్మన్ మాధ్యమం పెడతారనేసరికి ఉపాధ్యాయులూ విద్యార్థులూ బయటికి నడిచారు. ఆ ఘర్షణలోనే డేవిడ్ యెల్లిన్ జెరూసలేంలో హీబ్రూ ఉపాధ్యాయ శిక్షణాలయం స్థాపించాడు. ఆయన పేరుతోనే అది ఇప్పుడు ఉపాధ్యాయ కళాశాలగా నడుస్తోంది. ఆ గొడవ జరిగిన హైఫా సంస్థే లలిత గారి భర్త పనిచేస్తున్న టెక్నియన్.

సువార్తరాజు గారు ‘మాతృభాష కానివాడు మాట్లాడే భాషగా నేర్పడమా’ అని సందేహించవచ్చు గనుక ఇంత రాశాను. మొదట అలా నేర్పినవారే దాన్ని పిల్లల నోట నిలబెట్టారు.

హైఫా_లలిత
ఇంకో మాట. 1948 తర్వాత మూడున్నరేళ్లలోనే దేశపు యూదు జనాభా రెట్టింపైంది. వచ్చినవాళ్లలో ఎక్కువమందికి హీబ్రూ రాదు. 1949లో జెరూసలేంలో మొదటి ఉల్పాన్, ఉల్పాన్ ఎత్సియోన్, మొర్దెఖాయ్ కమ్రాత్ ఆధ్వర్యంలో మొదలైంది. సైన్యంలో చేరిన యువతులను కూడా వలసదారుల శిబిరాలకు పంపి పాఠాలు చెప్పించారు. పెద్దవాళ్లకు ముమ్మరంగా చెప్పే ఆ అనుభవమే తరువాతి బోధనా శిక్షణలకు పునాది అని మా ఉల్పాన్ టీచరు చెబుతుంటారు.

జగిత్యాల_శ్రీను
మా తమ్ముడు ఇజ్రాయెల్‌లో ఉన్నాడు. 2023 అక్టోబరులో యుద్ధం మొదలైనప్పుడు ‘ఆపరేషన్ అజయ్’ విమానాల్లో మనవాళ్లను తీసుకొచ్చిన రోజులు మా ఇంట్లో ఎవరూ మరచిపోలేదు. ప్రభాకర్ గారికి కుటుంబం ఉంటే ఈ విషయం ముందు ఆలోచించాలి. చదువు మంచిదే, పరిస్థితి చూసుకుని, మన రాయబార కార్యాలయం సూచనలు చదివి నిర్ణయించుకోవాలి.

చేబ్రోలు_వాసి
గుంటూరు జిల్లాలో మా పక్కనే కొత్తరెడ్డిపాలెం ఉంది. అక్కడ బెనె ఎఫ్రయీమ్ అనే తెలుగు కుటుంబాలు తమను ఇజ్రాయెల్ సంతతిగా భావించి యూదు ఆచారాలు పాటిస్తాయి. చిన్న ప్రార్థనామందిరం ఉంది. పిల్లలు హీబ్రూ అక్షరాలు దిద్దుతుంటే చూశాను. బయటి దేశాల నుంచి ఎవరైనా వచ్చి కొంతకాలం నేర్పి వెళ్తారు, వాళ్లు వెళ్లాక పిల్లలు మరచిపోతారు. తెలుగులో చెప్పగలిగిన, ఇక్కడే ఉండే శిక్షితుడైన ఉపాధ్యాయుడు ఉంటే ఆ పిల్లల చదువు నిలుస్తుంది. మనవాళ్లలో హీబ్రూ టీచరు అవసరం వేదాంత కళాశాలకే పరిమితం కాదని చెప్పడానికి ఇది రాశాను.

బోస్టన్_వాణి
ప్రభాకర్ గారూ, ఏ విద్యాసంస్థకు రాసినా ముందు అడగవలసినవి చెబుతాను. విద్యార్థి ఎదుట నేను స్వయంగా ఎన్ని గంటలు పాఠం చెప్పాలి, ఆ పాఠాన్ని ఎవరు కూర్చుని చూస్తారు, చూశాక నాతో కూర్చుని మాట్లాడతారా, పాఠం వీడియో తీసి చర్చిస్తారా అని అడగండి. కోర్సుల జాబితా ఎంత పొడుగ్గా ఉన్నా ఈ ప్రశ్నలకు స్పష్టమైన జవాబు రాకపోతే అది మీకు కావలసిన శిక్షణ కాదు. మా సహోద్యోగిని చెప్పిన ప్రకారం ఆమెకు అత్యంత ఉపయోగపడింది తన పాఠాన్ని తానే తెరమీద చూసుకున్న రోజు. పీరియడ్‌లో ఎక్కువ భాగం తన గొంతే వినిపించిందట.

అమెరికాలో ఉద్యోగం కోసం చూసేవారికి ఇంకో విషయం. ప్రైవేటు యూదు బడుల్లో రాష్ట్ర ధ్రువపత్రం లేకపోయినా తీసుకుంటారు గాని, ప్రభుత్వ నిధులతో నడిచే హీబ్రూ చార్టర్ బడుల్లో నిబంధనలు వేరు. 2007లో ఫ్లోరిడాలో బెన్ గమ్లా, 2009లో బ్రూక్లిన్‌లో హీబ్రూ లాంగ్వేజ్ అకాడమీ మొదలయ్యాయి. వాటిలో మతబోధ ఉండదు, యూదులు కాని పిల్లలూ చదువుతారు. అక్కడ మాతృభాష అన్న ఒక్క అర్హత సరిపోదు.

సువార్తరాజు
కథ చెప్పించి ‘వయ్యోమెర్’ నేర్పడం గురించి లలిత గారు రాసినది నన్ను ఆలోచింపజేసింది. వ్యాకరణం పక్కన పెట్టకూడదన్న నా మాట మీద నేను నిలబడుతున్నాను. అయితే వారంలో ఒక పీరియడ్ రూతు గ్రంథంతో అలా ప్రయత్నించడంలో అభ్యంతరం లేదు. కథ చిన్నది, సంభాషణలు ఎక్కువ, క్రియలు తేలికైనవి. ప్రభాకర్ గారు మొదలుపెడితే పాఠాల తయారీలో నేను సాయం చేస్తాను.

ప్రభాకర్_నెల్లూరు
రూతు గ్రంథం సూచనకు ధన్యవాదాలు. వచ్చే విద్యా సంవత్సరం మొదటి సంవత్సరం విద్యార్థులతో అదే మొదలుపెడతాను. మీ సాయం తప్పక కావాలి.

నా నిర్ణయం ఇలా ఉంది. ముందు ఆధునిక హెబ్రీ బాగా నేర్చుకోవాలి, అది లేకపోతే ఇజ్రాయెల్ ఎం.టీచ్. గానీ వెర్మాంట్ ఎం.ఏ. గానీ నాకు అందవు. ఆ లోగా ఇఫ్లూ కోర్సుల్లో నాకు అర్హత ఉన్నది ఏదో కనుక్కుంటాను. ఒక సందేహం మిగిలింది. బైబిలు హెబ్రీ చదివినవాడు ఆన్‌లైన్ ఉల్పాన్‌లో ఏ స్థాయిలో చేరాలి? మొదటి స్థాయిలో చేరితే అక్షరాల దగ్గర సమయం వృథా అవుతుందేమో.

హైఫా_లలిత
ఇక్కడి విశ్వవిద్యాలయాలు హీబ్రూ అక్షరాల వరుసలో ‘ఆలెఫ్’ నుంచి ‘వావ్’ వరకు ఆరు స్థాయిలుగా విభజిస్తాయి. చేరే ముందు స్థాయి నిర్ణయ పరీక్ష పెడతారు. బైబిలు హీబ్రూ చదివినవాళ్లు రాత పరీక్షలో పై స్థాయికి వెళ్లి, తరగతిలో నోరు విప్పలేక ఇబ్బంది పడటం మా ఉల్పాన్‌లో చూశాను. మా బ్యాచ్‌లో ఒక కొరియా పాస్టరు గారు అలాగే మూడో స్థాయి ‘గిమెల్’ నుంచి రెండోదైన ‘బేత్’‌కు తిరిగి వచ్చారు. అందుకని మౌఖిక పరీక్ష కూడా పెట్టమని మీరే అడగండి. మౌఖికంలో ఏ స్థాయి వస్తే అక్కడే చేరండి. తర్వాత ఇక్కడి కళాశాలలకు దరఖాస్తు చేసేటప్పుడు ‘యాఎల్’ అనే హీబ్రూ ప్రావీణ్య పరీక్ష అడిగే అవకాశం ఉంది. మీరు ఎంచుకునే కళాశాల ఎన్ని మార్కులు కోరుతుందో ఇప్పుడే రాసి తెలుసుకుంటే ఎంతకాలం చదవాలో లెక్క తేలుతుంది.

పెతాహ్‌తిక్వా_సునీత
మాట్లాడటం అలవాటు కావాలంటే శుక్రవారం మధ్యాహ్నం నాకు ఖాళీ ఉంటుంది ప్రభాకర్ గారూ. వాట్సాప్‌లో అరగంట హీబ్రూలోనే మాట్లాడుకుందాం. తాతగారి కూతురు కూడా పక్కన ఉంటారు, ఏదైనా తప్పు పోతే ఆవిడ సరిచేస్తారు.